అర లీటరు నీళ్ల లెక్క: ఉద్దానంలో జబ్బు పెట్టే టెన్షన్

కవిటి నుంచి సోంపేట వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరి తోటలే. లోపలికి వెళ్తే పనస, మామిడి, జీడి. ఉద్యానవనం అన్న మాటే జనం నోట్లో నలిగి ఉద్దానం అయిందంటారు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఈ పచ్చటి పట్టీలో వేల మంది కిడ్నీ రోగులున్నారు. డయాలసిస్ మీద ఉన్న మనిషికి ఆస్పత్రిలో ‘ఇవి ముట్టుకోవద్దు’ అని చెప్పే వాటిలో కొబ్బరినీళ్లు ముందుంటాయి. తర్వాత పనసతొనలు, అరటిపండు, జీడిపప్పు. పాడైన కిడ్నీ వీటిలో ఎక్కువగా ఉండే పొటాషియాన్ని బయటికి నెట్టలేదు. రక్తంలో అది పెరిగిపోతే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. కాబట్టి చిన్నప్పటి నుంచి తిన్నది, పండించి అమ్ముకున్నది, ఇంటికొచ్చిన చుట్టానికి ముందుగా చేతిలో పెట్టింది, అన్నీ ఒక్కరోజులో నిషేధం. చెట్టు ఇంటి ముందే ఉంటుంది. కాయలు దింపించి లెక్కపెట్టుకునేది కూడా ఆ మనిషే.

దీర్ఘకాలిక జబ్బుల్లో మనసు ఎలా నలిగిపోతుందో మాట్లాడేటప్పుడు సాధారణంగా భయం, దిగులు, నిరాశ లాంటి పెద్ద మాటలు వాడతారు. అవి తప్పు మాటలేం కావు. కానీ రోగి పక్కన నాలుగు రోజులు కూర్చుంటే ఇంకో సంగతి కనబడుతుంది. టెన్షన్‌లో ఎక్కువ భాగం పుట్టేది చావు గురించిన ఆలోచనలోంచి కాదు, జబ్బు రోజూ చేయించే చాకిరీలోంచి. ఏం తిన్నాను, ఎంత తాగాను, రేపు బస్సు ఎన్నింటికి, పోయిన నెల రిపోర్టులో ఎంత వచ్చింది. ఈ లెక్కలకు సెలవుండదు.

ఉద్దానం జబ్బు గురించి ముందు కొంచెం చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇది మూడు దశాబ్దాలుగా వైద్యుల దృష్టిలో ఉంది. కిడ్నీ దెబ్బతినడానికి మన దేశంలో మామూలుగా కనిపించే కారణాలు షుగరు, బీపీ. ఇక్కడ ఆ రెండూ లేని రైతులు, కూలీలు మంచి వయసులోనే జబ్బున పడుతున్నారు. 2019లో అచ్చయిన ఒక అధ్యయనం ఈ ప్రాంతంలో పరీక్షించిన పెద్దవాళ్లలో దాదాపు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని తేల్చింది. వాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా కారణం తెలియని కోవలోకే వచ్చారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. నీళ్లలో సిలికా, పురుగుమందులు, భార లోహాలు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే కష్టం, నొప్పుల బిళ్లలు అంటూ ఒక్కొక్కరు ఒక్కొక్క దాని వైపు వేలు చూపించారు. ఇదీ అని తేలింది లేదు.

మళ్లీ లెక్కల దగ్గరికి వద్దాం. వారానికి 168 గంటలు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు ఆ 168 గంటలూ పని చేస్తాయి. డయాలసిస్ మిషను పని చేసేది వారానికి మూడు సార్లు, ఒక్కో సారి నాలుగు గంటలు, మొత్తం 12. మిగతా 156 గంటల పనిని రోగి తన నోరు కట్టుకుని చెయ్యాలి. మూత్రం దాదాపు ఆగిపోయిన మనిషికి రోజుకు అర లీటరు, ఇంకాస్త ఎక్కువ ద్రవం మాత్రమే పడుతుంది. అందులోనే టీ, అందులోనే చారు, మజ్జిగ, బిళ్లలు మింగే నీళ్లు. ఉత్తరాంధ్ర ఇళ్లలో ఎండాకాలం పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి పొలానికి వెళ్లడం అలవాటు. ఆ ఒక్క గ్లాసుతో సగం రోజు కోటా అయిపోతుంది. అందుకని ఇంట్లో ఒక సీసా పెట్టుకుంటారు. పొద్దున అర లీటరు నింపి, రోజంతా అందులోంచే. మధ్యాహ్నం రెండింటికే సీసా ఖాళీ అయితే రాత్రి దాకా నీళ్లు పుక్కిలించి ఉమ్మడం, ఐసు ముక్క బుగ్గన పెట్టుకోవడం. మే నెలలో, ఫ్యాను తిరగని మధ్యాహ్నం ఇది ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

తప్పు జరిగితే దాచలేరు. డయాలసిస్‌కి వెళ్లగానే మొదటి పని తూకం. ఒంట్లో చేరిన ప్రతి లీటరు నీరూ ముల్లు మీద ఒక కిలో. మూడు కిలోలు పెరిగితే మిషను ఆ మూడు లీటర్లనూ నాలుగు గంటల్లో లాగాలి. అప్పుడే కాళ్ల కండరాలు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. ‘ఇంత తాగేశావేంటి బాబూ’ అని సిస్టరు అడుగుతుంది. అడగడంలో తప్పులేదు, ఆమె పని అది. కానీ అరవై ఏళ్ల మనిషి, ఊళ్లో నలుగురికీ పెద్దరికం చేసిన మనిషి, పక్క మంచాల వాళ్లు వింటుండగా నీళ్లు తాగినందుకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. కొందరు తూకానికి ముందు రోజు అన్నం మానేస్తారు. ఒంట్లో నీరు అలాగే ఉంటుంది, అంకె ఒక్కటే కాస్త తగ్గుతుంది. పరీక్షల ముందు మార్కుల భయం ఉన్న పిల్లాడు చేసే పనిలాంటిదే ఇది.

వారంలో ఒక గ్యాపు మిగతా వాటికంటే పెద్దది. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ చేయించుకునేవాళ్లకు శని, ఆదివారాలు ఖాళీ. ఈ పెద్ద గ్యాపు చివర మరణాలు, గుండె సమస్యలు ఎక్కువని అమెరికాలో వేల మంది రోగుల వివరాలు పరిశీలించి 2011లో తేల్చారు. రోగులకు ఆ అధ్యయనం సంగతి తెలియకపోవచ్చు. ఆదివారం రాత్రి వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుందని, రెండు దిండ్లు ఎత్తు పెట్టుకోవాలని మాత్రం తెలుసు. అందరికీ ఆదివారం విశ్రాంతి. ఆ ఇంట్లో ఆదివారం రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదు.

ఇంకా డయాలసిస్ దాకా రాని వాళ్ల టెన్షన్ వేరే రకం. అది ఒక అంకె చుట్టూ తిరుగుతుంది. ఉద్దానంలో చదువు రాని వాళ్లకు కూడా తెలిసిన ఇంగ్లిష్ మాట క్రియాటినిన్. ‘బాగున్నావా’ అన్నంత మామూలుగా ‘క్రియాటిన్ ఎంతుంది’ అని అడుగుతారు. పెద్దవాళ్లలో మామూలుగా 1.2 లోపు ఉండాల్సిన అంకె ఇది. రక్తంలో పేరుకున్న వ్యర్థాన్ని చూపిస్తుంది. దీని నడక మాత్రం సూటిగా ఉండదు. 1 నుంచి 2కు పెరిగిందంటే కిడ్నీ పనిలో సగం పోయినట్టు. 5 నుంచి 5.6కు పెరిగితే ఆ తేడా చాలా చిన్నది. ఆ రోజు నీళ్లు తక్కువ తాగినా, ముందు రోజు మాంసం తిన్నా, ల్యాబు మారినా అంత తేడా రావచ్చు. ఈ ముక్క ఎవరూ విడమరిచి చెప్పరు. అందుకే 1 నుంచి 1.8కి వెళ్లినవాడు ‘ఇంకా రెండు కూడా రాలేదు కదా’ అని ధీమాగా తిరుగుతాడు. 5.1 నుంచి 5.6కి వెళ్లినవాడు అన్నం మానేస్తాడు. నిజానికి జాగ్రత్తతో ఎక్కువ లాభం ఉన్నది మొదటివాడికి.

ఈ అంకెకు ఇంకో మెలిక ఉంది. డయాలసిస్ మొదలుకాని రోగులకు పింఛను ఇవ్వడానికి ప్రభుత్వం పెట్టుకున్న కొలమానాల్లో క్రియాటినిన్ 5 దాటడం ఒకటి. ఏదో ఒక గీత గీయక తప్పదు, నిజమే. కానీ ఆ గీత మనసులో ఏం చేస్తుందో చూడాలి. అంకె 4.7 వస్తే జబ్బు ముదరలేదని సంతోషించాలా, ఈ నెల కూడా డబ్బు రాదని దిగులు పడాలా? ఒకే కాగితం చూసి రెండూ అనిపిస్తాయి. తనకు జబ్బు ముదరాలని ఒక్క క్షణమైనా కోరుకున్నానన్న సంగతి భార్యకు కూడా చెప్పుకోలేని మనుషులుంటారు.

కారణం తెలియకపోవడం ఈ జబ్బుకే ఉన్న ప్రత్యేకమైన బరువు. షుగరు ఉన్నవాడిని లోకం నిందిస్తుంది, స్వీట్లు తిన్నావు, నడవలేదు అంటుంది. ఆ నింద అన్యాయమే అయినా దాని వెనక ఒక దారి ఉంది. తిండి మార్చుకుంటే, నడిస్తే, మందు వేసుకుంటే అదుపులో ఉంటుంది. ఉద్దానం రోగికి తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు, అందుకే పిల్లలను ఎలా కాపాడుకోవాలో కూడా తెలియదు. పైగా ఈ జబ్బు చాలా కాలం పైకి తెలియదు. ఒళ్లు వాయదు, నొప్పి ఉండదు, చాలామందిలో బీపీ కూడా పెరగదు. రక్త పరీక్ష చేయిస్తే తప్ప బయటపడదు. దాంతో జబ్బు లేనివాళ్లకు కూడా మనశ్శాంతి లేదు. ఒకే ఇంట్లో తండ్రి, బాబాయి పోయాక మిగిలిన అన్నదమ్ములు ఆరు నెలలకోసారి ల్యాబుకు వెళ్లి కవరు చింపేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉంటారు. ఇంకొందరు అసలు పరీక్షే చేయించుకోరు. తెలిస్తే చేసేదేముంది అంటారు. దీన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడం తేలిక, కానీ అది భయం నుంచి మనసును కాపాడుకునే ఒక పద్ధతి. ఖరీదైన పద్ధతి, అంతే.

పెళ్లిళ్ల సంగతి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. ఉద్దానం సంబంధం అంటే బయటి ఊళ్ల వాళ్లు వెనకాడతారు. ‘మీ ఇంట్లో ఎవరికైనా ఉందా’ అన్న ప్రశ్న కట్నం కంటే ముందు వస్తుంది. అందుకే రిపోర్టు బీరువాలో బట్టల కింద ఉంటుంది. కూతురి పెళ్లయ్యేదాకా జబ్బు బయటికి చెప్పొద్దు అనుకున్న తండ్రి ఊళ్లో ఉన్న కేంద్రానికి కాకుండా దూరం ఆస్పత్రికి పోతాడు. ఖర్చూ, అలసటా అలా రెట్టింపవుతాయి. దాచడం అనేది ఒక పనిగా మారి, జబ్బు చాకిరీకి తోడవుతుంది.

2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజు, హిరమండలం రిజర్వాయరు నుంచి దాదాపు 700 కోట్ల రూపాయల ఖర్చుతో ఇళ్లకు మంచినీళ్లు తెచ్చే పథకం కూడా మొదలైంది. జబ్బు నీళ్ల వల్లే అని రుజువు కాలేదు కాబట్టి ఈ నీళ్లతో జబ్బు తగ్గుతుందో లేదో తేలడానికి ఏళ్లు పడుతుంది. అయినా బోరింగు నీళ్లను బిడ్డకు పట్టేటప్పుడు తల్లి చెయ్యి వెనకాడిందంటే, ఆ ఒక్క భయం తగ్గినా తగ్గినట్టే. పథకాలను బేరీజు వేసేటప్పుడు ఈ లాభాన్ని ఎవరూ లెక్క రాయరు. అలాగే కుళాయి రెండు రోజులు రాకపోతే మళ్లీ ఆ భయం ఎంత వేగంగా వెనక్కి వస్తుందో కూడా.

డబ్బు గురించి క్లుప్తంగా. ప్రభుత్వ కేంద్రాల్లో డయాలసిస్ ఉచితం, డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తుంది. ఒకప్పుడు కవిటి నుంచి విశాఖపట్నంలోని పెద్ద ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్‌కు రెండు వందల కిలోమీటర్లకు పైగా పోవాల్సి వచ్చేది, ఇప్పుడు సోంపేట, పలాస, కవిటి లాంటి చోట్లే మిషన్లున్నాయి. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఉద్దానం ఎప్పుడూ తోటల మీద మాత్రమే బతకలేదు, వలసల మీద కూడా బతికింది. హైదరాబాదు, చెన్నై, అండమాన్, గల్ఫ్. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరిని, జీడిని మొదలంటా కూల్చేశాక ఆ అవసరం ఇంకా పెరిగింది, ఎందుకంటే కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావడానికే ఐదారేళ్లు. వారానికి మూడు రోజులు ఒకే కుర్చీకి కట్టుబడ్డ మనిషి వలస పోలేడు. పింఛను బియ్యం, బస్సు ఖర్చులకు సరిపోతుందేమో. ‘నేను సంపాదించి పెడుతున్నాను’ అన్న మాట దానితో రాదు. ఉత్తరాంధ్ర మగవాళ్లలో ఆ మాట పోవడం జబ్బు కంటే ఎక్కువ కుంగదీస్తుందని వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు చెబుతారు.

ఆ ఆడవాళ్ల సంగతి ఎవరూ అడగరు. ఉప్పు లేని కూర వేరుగా, ఇంట్లో మిగతా వాళ్లకు వేరుగా. పొటాషియం తగ్గాలని కూరగాయ ముక్కల్ని నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండటం. ఫిస్టులా ఉన్న చెయ్యి మీద నిద్రలో బరువు పడిందేమోనని రాత్రి లేచి చూడటం. డయాలసిస్ సూదుల కోసం చేతిలోని ధమనినీ సిరనూ కలిపి కుట్టిన ఆ చోట వేలు పెడితే జివ్వుమని అదురు తెలియాలి. అదురు ఆగిందంటే దారి మూసుకుపోయినట్టు. చాలా ఇళ్లలో పొద్దున లేవగానే భార్య చేసే మొదటి పని ఆ చెయ్యి పట్టుకుని చూడటం. ఆమెకు నడుం నొప్పి ఉంటుంది, దానికి బిళ్ల వేసుకోవడానికి భయం, ఆ బిళ్లలే కిడ్నీ తీస్తాయని విన్నది కాబట్టి. కిడ్నీ ఇవ్వాల్సి వస్తే ముందు చూసేది కూడా ఆమె వైపే. రక్త సంబంధీకులు అదే ఊళ్లో, అదే నీళ్లు తాగి పెరిగినవాళ్లు. రేపు వాళ్లకూ వస్తే అన్న అనుమానం తీరేది కాదు.

మరి ఈ బాధలో ఎంత భాగం డాక్టరు ‘డిప్రెషన్’ అని పిలవాల్సినది? ఇక్కడ కొలతలోనే చిక్కుంది. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను కలిపి 2013లో చేసిన సమీక్షలో, డయాలసిస్ రోగులకు ప్రశ్నపత్రం ఇచ్చి నింపమంటే దాదాపు 39 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. మానసిక వైద్య పద్ధతిలో కూర్చోబెట్టి మాట్లాడితే ఆ సంఖ్య 23 శాతం దగ్గర ఆగింది. తేడా ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఎక్కువగా వాడే తొమ్మిది ప్రశ్నల పత్రంలో నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, నీరసంగా ఉందా, మనసు దేని మీదైనా నిలుస్తోందా అని అడుగుతారు. రక్తంలో యూరియా పేరుకున్న మనిషికి ఇవన్నీ ఎలాగూ ఉంటాయి. హిమోగ్లోబిన్ 7 ఉన్నవాడికి మెట్లెక్కే ఓపిక లేదంటే అది మనసు జబ్బో రక్తం జబ్బో ప్రశ్నపత్రం చెప్పలేదు. రాత్రంతా ఒళ్లు దురద, కాళ్లు కుదురుగా ఉండనివ్వని లాగుడు ఉంటే నిద్ర ఎక్కడిది? అందుకే ముందు రక్తహీనతకు ఇంజెక్షను, దురదకు మందు, డయాలసిస్ సరిపోతోందా లేదా అన్న పరీక్ష. చాలామందికి దిగులు సగం అక్కడే తేలికపడుతుంది.

పొరపాటు రెండో వైపు కూడా జరుగుతుంది, అదే ప్రమాదకరం. ‘ఇంత జబ్బున్నాక దిగులుగా ఉండదా ఏంటి’ అని నిజమైన డిప్రెషన్‌ను మామూలు విషయంగా వదిలేయడం. ఇష్టమైన మనవడు వచ్చినా మొహం తిప్పుకోవడం, రెండు వారాలకు పైగా దేని మీదా మనసు లేకపోవడం, నేను భారం అని పదే పదే అనడం, డయాలసిస్‌కి ఇవాళ వెళ్లను అనడం. చివరిది మరీ ముఖ్యం. మూత్రం ఆగిపోయిన మనిషి డయాలసిస్ పూర్తిగా మానేస్తే సాధారణంగా ఒకటి రెండు వారాలకు మించి బతకడు. కాబట్టి ‘వెళ్లను’ అన్నప్పుడు మొండితనం అని కసరకుండా, ఏమైంది అని కూర్చుని అడగాలి.

అడిగితే చికిత్స ఉందా అంటే ఉంది, అయితే మందుబిళ్ల ఒక్కటే మంత్రం కాదు. డిప్రెషన్‌కు బాగా వాడే సెర్‌ట్రాలిన్ మాత్రను డయాలసిస్‌కు ఇంకా రాని కిడ్నీ రోగుల్లో పరీక్షిస్తే ఉత్తుత్తి బిళ్ల కంటే మెరుగ్గా పనిచేయలేదని 2017లో తేలింది. 2019లో డయాలసిస్ రోగుల మీద చేసిన ఇంకో పరీక్షలో అదే మాత్రనూ, ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్‌నూ పోల్చారు. పన్నెండు వారాల్లో మాత్ర కాస్త ముందుంది, దుష్ఫలితాలు కూడా దానికే ఎక్కువ. ఈ అధ్యయనంలో మనకు పనికొచ్చే అసలు ముక్క వేరే. ఆ కౌన్సెలింగ్ చేసింది డయాలసిస్ జరుగుతుండగా, ఆ కుర్చీ దగ్గరే.

మన దగ్గర దీనికి ప్రత్యేకంగా భవనం అక్కర్లేదు. రోగి ఎలాగూ వారానికి పన్నెండు గంటలు కదలకుండా కూర్చుంటున్నాడు. ఆ గంటల్లో గోడ మీద టీవీ మోగుతుంది, లేదా మిషను బీప్‌లు. బరువు, బీపీ రాసుకునే షీటులోనే ఇంకో రెండు గళ్లు పెట్టొచ్చు. ఈ రెండు వారాల్లో దిగులుగా ఉందా, ఏ పని మీదా ఇష్టం లేకుండా ఉందా. ప్రపంచమంతా వాడే చిన్న ప్రశ్నలే ఇవి, అడగడానికి నిమిషం చాలు. అవును అన్నవాళ్లను పలాసకో శ్రీకాకుళానికో పంపే ఏర్పాటు ఉండాలి, లేకపోతే అడగడం కూడా తప్పే అవుతుంది. రిపోర్టు ఇచ్చేటప్పుడు పోయిన సారికీ ఈ సారికీ తేడా లెక్కలోకి వచ్చేదేనా కాదా అని ఒక్క వాక్యం చెప్పొచ్చు. షిఫ్టు టైము వారం వారం మార్చకుండా ఉంచొచ్చు. బస్సు దొరుకుతుందా లేదా అన్న ఆత్రం దానితోనే తగ్గుతుంది. మొదటి గంటలో, మిషను నడుస్తుండగా, డాక్టరు సరేనన్న చోట కొందరు ఇంట్లో తినలేనిది ఒక ముక్క తెచ్చుకుని తింటారు. అలాంటి చిన్న సడలింపు వారమంతా నోరు కట్టుకునే ఓపిక ఇస్తుందని సిస్టర్లకు తెలుసు.

‘టెన్షన్ పెట్టుకోకండి’ అన్న సలహా గురించి కూడా ఒక మాట. అది మంచి ఉద్దేశంతో చెప్పేదే. కానీ వినేవాడికి అది ఇంకో పథ్యంలా వినబడుతుంది. ఉప్పు వద్దు, నీళ్లు వద్దు, కొబ్బరి వద్దు, టెన్షన్ వద్దు. మిగతా మూడూ ఎలా మానాలో చెప్పినవాళ్లు నాలుగోది ఎలా మానాలో చెప్పరు.

2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు డయాలసిస్ గదిలో గోడకు అంటించి ఉంటే మంచిదే. అయితే ఆ గదిలో మంచాలు వరసగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఒక చెయ్యికి సూదులు. కూతురి పెళ్లి కోసం జబ్బునే దాస్తున్న మనిషి అక్కడినుంచి ఫోన్ చేసి మనసులో మాట చెప్పుకోలేడు. ఇంట్లో అందరూ ఉంటారు. పేపరు అంటించాల్సిన చోటు బహుశా బయట వరండాలో, డయాలసిస్ అయ్యాక దూదితో సూది రంధ్రం అదిమి పట్టుకుని బస్సు కోసం ఎదురుచూసే బల్ల పక్కన. అతని వంతు కోసం పొద్దున్నించి కూర్చున్న భార్యకు కూడా అది అక్కడే కనబడుతుంది.